రసీదు లేని సరుకు: వాపసు అడుగు హక్కు

నాగిరెడ్డిపేట మండలములోని ఒక గ్రామసభలో మేము వినియోగదారుల హక్కులను గూర్చి వివరించుచుండగా, వెనుక వరుసలో కూర్చున్న వృద్ధ రైతు ఒకరు లేచి ఒక ప్రశ్న వేసిరి. "చిట్టీ ఇయ్యంది ఆయన. మల్ల చిట్టీ ఏదని నన్నే అడుగవట్టె. గిదేం నాయం సారూ?" సభలో కొందరు నవ్విరి గాని, ఆ ప్రశ్న నవ్వి విడిచిపెట్టదగినది కాదు. పంచాయతీ సభ్యులు తమ గ్రామములలో తరచుగా వినునదియు ఇదే గనుక, దీనికి సమాధానము కొంత విపులముగా వ్రాయుచున్నాము.

పోచారం జలాశయపు నీటితో వరి పండించు ఈ ప్రాంతమున విత్తనముల కొనుగోలు ఎట్లు జరుగునో సభ్యులకు మేము చెప్పనక్కరలేదు. తొలకరి పడగానే అందరికి ఒక్కసారే విత్తనము కావలెను. చేతిలో పైకము లేనివారు ఉద్దెరకు తీసికొందురు. దుకాణదారు తన ఖాతా పుస్తకములో ఒక పంక్తి వ్రాసికొనును. రైతు చేతికి సంచి మాత్రమే వచ్చును. రసీదు ఇచ్చు వర్తకులు లేకపోలేదు. అయినను తొందరలో అడుగువారు తక్కువ, అడుగకున్న ఇచ్చువారు మరియు తక్కువ. తుకం పోసిన తరువాత మొలక సరిగా రాకపోయినను, పైరు ఎదిగి కంకి వేయునప్పుడు బెరుకులు బయటపడినను, రైతు దుకాణమునకు పరుగెత్తును. "నా దగ్గర కొన్నట్టు ఏమిటి ఆధారము?" అన్న ఒక్క మాటతో ఆతడు వెనుదిరుగును. పోయినది సంచి వెల మాత్రమే కాదు. దుక్కి ఖర్చు, నీటి వంతు, ఆ కారు పంట అన్నియు పోయినవి.

1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టము స్థానమున 2019లో కొత్త చట్టము చేయబడి, 2020 జులైలో అమలులోనికి వచ్చెను. దాని 2వ సెక్షను 47వ ఖండములో అనుచిత వ్యాపార పద్ధతులు ఏవియో చెప్పబడినవి. అమ్మిన వస్తువునకు బిల్లు గాని, క్యాష్ మెమో గాని, రసీదు గాని ఇయ్యకుండుట వానిలో ఒకటి. ఆ వెనువెంటనే మరియొకటి చేర్చబడినది: లోపము గల వస్తువును వాపసు తీసికొని పైకము తిరిగి యిచ్చుటకు నిరాకరించుట. బిల్లులో గడువు వ్రాయబడియున్నచో ఆ గడువులోగా, గడువేదియు లేనిచో 30 దినములలోగా పైకము తిరిగి ఈయవలెను.

ఈ రెండింటిని ప్రక్కప్రక్కన పెట్టి చదివినచో ఆ వృద్ధ రైతు ప్రశ్నకు సగము జవాబు దొరకును. రసీదు లేకుండుట కొనినవాని నేరము కాదు. ఇయ్యని వానిదే తప్పు. ఉద్దెరకు కొనినవాని సంగతి ఏమని సభ్యులు అడుగవచ్చును. వెల పూర్తిగా చెల్లించినవాడు, కొంత చెల్లించినవాడు, చెల్లింతునని మాట యిచ్చినవాడు, ముగ్గురును చట్టము దృష్టిలో వినియోగదారులే.

విత్తనముల విషయములో నిబంధన మరింత స్పష్టము. 1983 నాటి విత్తనముల నియంత్రణ ఉత్తర్వు 9వ ఖండము ప్రకారము, నగదుకు గాని అరువుకు గాని విత్తనము అమ్మిన ప్రతి డీలరు కొనినవానికి మెమో ఇయ్యవలెను. అరువు అను మాట అందులోనే ఉన్నదని గమనింపుడు. "పైసలు కట్టినప్పుడు బిల్లు ఇస్తా" ననుట చెల్లదు. ఎరువులకు 1985 నాటి నియంత్రణ ఉత్తర్వులో ఇట్టి నిబంధనయే కలదు. ఇతర సరుకులలో 200 రూపాయలకు తక్కువైన చిల్లర అమ్మకమునకు, కొనువాడు అడుగనిచో, వస్తు సేవల పన్ను చట్టము క్రింద విడిగా ఇన్వాయిసు ఇయ్యనక్కరలేదు. అడిగినచో ఇయ్యవలసినదే.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరము. చట్టము చెప్పునది లోపము గల వస్తువును గూర్చి. ఇంటికి వచ్చిన తరువాత రంగు నచ్చలేదనియో, పక్క దుకాణములో అగ్గువకు దొరికెననియో తిరిగి యిచ్చు హక్కును అది కల్పించలేదు. వానలు వెనుకబడి విత్తుట మానుకొన్న రైతు, విప్పని సంచిని వాపసు తీసికొమ్మని అడుగవచ్చును గాని, అది దుకాణదారుని మంచితనముపై ఆధారపడిన విషయము. మరియొక వైపున "అమ్మిన సరుకు వాపసు తీసికొనబడదు" అని గోడకు వ్రేలాడు బోర్డును చూచి భయపడనక్కరలేదు. లోపము గల సరుకు విషయములో ఆ బోర్డు చట్టమును త్రోసిపుచ్చజాలదు.

మిగిలిన సగము జవాబు కష్టమైనది. తప్పు వర్తకునిదే యైనను, ఆ సరుకు ఆ దుకాణములోనే కొనినట్లు చూపవలసిన భారము ఫిర్యాదు చేయువానిపై నుండును. రసీదు ఒక్కటే ఆధారమని చట్టము చెప్పలేదు. ఇతర ఆధారములు ఉండిన చాలును. అవి చాలవరకు మన ఇండ్లలోనే ఉన్నను, చెత్తలో పారవేయుచున్నాము.

మొదటిది విత్తన సంచి. దానిపై కుట్టిన చీటీలో రకము, లాట్ నంబరు, పరీక్ష తేదీ, మొలక శాతము ఉండును. ధ్రువీకరించిన విత్తనమునకు నీలిరంగు చీటీ, కంపెనీ తన పూచీపై అమ్ము విత్తనమునకు ఆకుపచ్చ చీటీ. ధ్రువీకరించిన వరి విత్తనములో కనీసము నూటికి 80 మొలకెత్తవలెను. అందుచే ఆ సంచిని దూడలకు తవుడు పోయుటకు వాడక, చీటీతో సహా దాచవలెను. చీటీ లేని విడి విత్తనమును ఎంత అగ్గువకు వచ్చినను కొనరాదు. తరువాత దానికి తండ్రి ఎవరో చెప్పువారుండరు.

రెండవది ఫోను. పైకము ఫోను ద్వారా చెల్లించినచో తేదీ, మొత్తము, అందుకొన్నవాని పేరు ఖాతాలో నిలిచియుండును. రాయితీ ఎరువులైనచో, ఆధారు చూపించి యంత్రములో నమోదు చేసిన తరువాతనే అమ్మవలెను గనుక ఆ యంత్రమే సాక్షి. మోటారు పంపుల వంటివానికి దుకాణదారు ముద్ర, తేదీ వేసి యిచ్చిన గ్యారంటీ కార్డు పనికివచ్చును.

మూడవదియే మాకు అన్నిటికంటె ముఖ్యముగా తోచుచున్నది. అదియే దుకాణదారుని ఖాతా పుస్తకము. ఉద్దెర వసూలు చేసికొనుటకు ఆయన స్వహస్తముతో వ్రాసికొన్న పంక్తిలో రైతు పేరు, తేదీ, సరుకు, వెల ఉండును. పత్రములను తెప్పించి పరిశీలించు విషయములో జిల్లా వినియోగదారుల కమిషన్‌కు సివిల్ కోర్టుకు గల అధికారము కలదు. పంట చేతికి వచ్చినప్పుడు బాకీ అడుగుటకు ఆ పుస్తకము తెరచువారు, నష్టము అడిగినప్పుడు దానిని మూసిపెట్టజాలరు. బాకీలో కొంత చెల్లించునప్పుడైనను, "ఫలానా తేదీన ఇచ్చిన వరి విత్తనము బాబతు" అని ఒక చీటీ వ్రాయించుకొనుట రైతునకు మేలు.

నిజముగా పై న్యాయస్థానములు ఇట్లు చూచునా యను సందేహము కొందరికి కలుగవచ్చును. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రైతులకును జాతీయ విత్తన సంస్థకును నడచిన వ్యాజ్యములో సుప్రీంకోర్టు 2012 జనవరి 16న తీర్పు చెప్పెను. అది రసీదు తగాదా కాదు. పరీక్షకు విత్తనము మిగుల్చని తగాదా. రైతులు వినియోగదారులు కారనియు, విత్తనమును ప్రయోగశాలలో పరీక్షింపలేదనియు సంస్థ వాదించెను. న్యాయస్థానము ఆ వాదములను త్రోసివేసెను. పైరు దెబ్బతినుటకు విత్తన లోపమే కారణమని వ్యవసాయ నిపుణుల నివేదికలు చూపినవి గనుక, నమూనా పరీక్ష జరుగకపోవుట రైతులకు అడ్డు కాలేదు. విత్తనము చెడ్డదగునని ముందే ఊహించి ప్రతి రైతును కొంత తీసి దాచవలెననుట తగదని అంతకు పూర్వము 1998లోనే ఆ న్యాయస్థానము ఆంధ్రప్రదేశ్ రైతు వ్యాజ్యములో అంగీకరించియుండెను. ఒక్క ఆధారము లేనంత మాత్రమున తక్కిన ఆధారములన్నియు వ్యర్థము కావని వీనివలన తెలియుచున్నది.

ఆ తీర్పులో రైతులను నిలబెట్టినవి పొలమును చూచినవారి నివేదికలు. పంచాయతీ సభ్యుల సహాయము కావలసినది సరిగా ఇక్కడనే. మొలక చెడిన నారుమడిని దున్నివేయక ముందు, వ్యవసాయ విస్తరణాధికారికి కబురు పంపి చూపించవలెను. రెండవ నాడు దున్నిన మడిలో ఎవ్వరును ఏమియు చూడలేరు. సభ్యుడు ఒకరు, ఇరుగుపొరుగు రైతులు ఇద్దరు మడి గట్టున నిలిచి, తేదీ, సర్వే నంబరు, దుకాణము పేరు, లాట్ నంబరు, మొలకెత్తిన తీరు ఒక కాగితముపై వ్రాసి సంతకములు చేసినచో అర్ధగంట పని. అదే లాటు కొనిన తక్కిన రైతులెవరో గ్రామములో విచారింపుడు. ఒకే నష్టము పలువురికి కలిగినచో, కమిషన్ అనుమతితో ఒకరు అందరి తరఫున ఫిర్యాదు చేయవచ్చును.

ముందుగా దుకాణదారునికి వ్రాతమూలకముగా తెలిపి, నకలు ఉంచుకొనవలెను. పలువురు వర్తకులు ఆ కాగితము చూచి సర్దుబాటునకు వత్తురు. మర్యాద గల సర్దుబాటును కాదనరాదు. రానిచో 1915 నంబరుకు ఫోను చేసి జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రమునకు చెప్పవచ్చును. ఆపై జిల్లా కమిషన్ కలదు. మన పాత జిల్లా కేంద్రమైన నిజామాబాద్‌లో అట్టి కమిషన్ ఉన్నది. దుకాణము ఏ ఊరిలో నున్నను, ఫిర్యాదీ తాను నివసించు ప్రాంతపు కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చును. చెల్లించిన వెల 5 లక్షల రూపాయల వరకు రుసుము లేదు. వకీలును పెట్టుకొనక స్వయముగా వాదించుకొనవచ్చును. తగాదా పుట్టిన నాటి నుండి రెండు సంవత్సరములలోగా ఫిర్యాదు చేరవలెను.

ఆ గ్రామసభ ముగిసిన పిదప వృద్ధ రైతు మాతో నడచుచు, తన ఇంటి అటక మీద పోయిన వానకాలపు సంచి ఇంకను ఉన్నదని చెప్పెను. చీటీ ఊడిపోలేదు గదా అని అడిగితిమి. చూచి చెప్పెదనని ఇంటివైపు మరలెను.