ఏటా మొలిచే నీటి అడవి

అలాస్కా నుంచి కాలిఫోర్నియా దాకా చల్లని పసిఫిక్ తీరంలో, నీటి అడుగున ఒక అడవి ఏటా మొలిచి ఏటా మాయమవుతుంది. పేరు బుల్ కెల్ప్. చూడటానికి మొక్కే కానీ, నిజానికి ఇది గోధుమరంగు నాచు. పువ్వూ లేదు, గింజా లేదు. వేళ్లలా కనిపించేవి రాతిని పట్టుకోవడానికే.

వసంతంలో ఎండ కోసం పైకి పరుగు తీస్తుంది. ఊపందుకుంటే రోజుకు జానెడు! 30 మీటర్లు కూడా దాటగలదు. అంత కాడ నిటారుగా ఎలా నిలుస్తుంది? కొసన ఉన్న గాలిబుడగ బెండులా తేలుతుంది కాబట్టి. ఆ గాలిలో కార్బన్ మోనాక్సైడ్ కూడా ఉంటుందంటే నాకిప్పటికీ ఆశ్చర్యమే.

మరి గింజ లేకుండా మళ్లీ ఎలా పుడుతుంది? రిబ్బన్లలాంటి ఆకుల మీద ముదురు మచ్చలు ఏర్పడతాయి. వాటి నిండా సిద్ధబీజాలే. పండిన మచ్చ అతుకు ఊడినట్టు ఆకు నుంచి విడిపోయి అడుగుకు మునుగుతుంది. ఎందుకలా? పైనే వదిలేస్తే బీజాలు ఎటో కొట్టుకుపోతాయి. మచ్చతో పాటు మునిగితే చాలావరకు తల్లి పెరిగిన రాళ్ల దగ్గరే దిగుతాయి.

చలికాలపు తుఫానులు పెద్ద కాడలను పీకి ఒడ్డున పడేస్తాయి. రాళ్ల మీద మాత్రం ఆ బీజాల నుంచి మొలిచిన, కంటికి ఆనని ఆడ, మగ జీవులుగా కెల్ప్ బతికే ఉంటుంది. అవి కలిస్తే పుట్టిన పిల్ల కెల్ప్ రాతిని పట్టుకుని, వసంతపు ఎండ తగలగానే మళ్లీ పైకి బయలుదేరుతుంది.