తెల్లని మంచు, చీకటి ముఖాలు

ఐస్ హాకీ ఆడే బిడ్డను ఫొటో తీసిన తల్లిదండ్రులకు తరచు నిరాశే మిగులుతుంది. మంచు బూడిదరంగులోను, శిరస్త్రాణం లోపలి ముఖం చీకటిలోను కనబడతాయి.

కెమెరాలోని కాంతిమాపకం ప్రతి దృశ్యాన్నీ దాదాపు 18 శాతం కాంతిని ప్రతిఫలించే బూడిదరంగుగానే లెక్కకడుతుంది. మంచు ప్రతిఫలించేది అంతకన్న చాలా ఎక్కువ. వెలుగు అధికమైందని భ్రమించి కెమెరా దానిని తగ్గించివేస్తుంది. కనుక ఎక్స్‌పోజరును సుమారు ఒక స్టాప్, అనగా రెండింతలు, పెంచాలి. ఆటగాళ్ల వేగానికి షట్టరు సెకనులో 500వ వంతుకు మించి తెరచి ఉండరాదు. ఆ లోటును పెద్ద అపెర్చరు, హెచ్చు ఐ.ఎస్.ఓ. పూరిస్తాయి.

తరువాత కంప్యూటరులో ముఖాన్ని కొంత వెలిగించవచ్చు. వెలిగించినకొద్దీ బొమ్మ గరుకెక్కుతుంది. మితిమీరిన వెలుగులో మాసిపోయిన స్కేటు గీతలను మాత్రం ఏ సవరణా తిరిగి తేలేదు. ఆ గీతలు చెదరకుండా ముఖం తెలిసేటంత వెలుగే సరియైన వెలుగు. స్వదేశంలోని అమ్మమ్మ ఫొటోలో వెతికేది ఆ ముఖాన్నే కదా!