ఇరవైకి ఒక అరువు మాట

సంతలో గుడ్ల అట్ట ఒకటి కొన్నారు: 30. ఇంకో మూడు విడిగా వేయించుకున్నారు. మొత్తం 33. మనకిది ముప్పైమూడు. సీతంపేట కొండల్లో సవర మాట్లాడే మనిషికి మాత్రం ఇరవై, పన్నెండు, ఒకటి.

సవరలో 12 దాకా విడివిడి పేర్లున్నాయి. పన్నెండు ‘మిగ్గల్’. 13 నుంచి దానిమీదే పేర్చుకుంటూ పోతారు. 19 అంటే మిగ్గల్ మీద ఏడు. ఇరవై దగ్గర కొత్త కట్ట మొదలు: ‘బొకుడి’. ‘బొ’ అంటే ఒకటి, ‘కుడి’ అంటే ఇరవై. 40కి రెండు కుడులు, 80కి నాలుగు. 99 రూపాయలివ్వాలంటే నాలుగు ఇరవై నోట్లు, ఒక పన్నెండు, ఒక ఏడు అన్నమాట.

ఈ కుడి ఎక్కడిది? పక్కనున్న ఒడియాలో ఇరవైని ‘కోడి’ అంటారు (గుడ్లు పెట్టేది కాదు). బెంగాలీలో ‘కుడి’, హిందీలో ‘కోడీ’. ఇవన్నీ ఒక గూటివి. సవరది వేరే గూడు, ముండా భాషల కుటుంబం. మాట ఇటునుంచి అటు వెళ్ళిందా, అటునుంచి ఇటు వచ్చిందా అన్నది పండితులు ఇంకా తేల్చలేదు. ఎటు వెళ్ళినా సంత దారినే వెళ్ళి ఉంటుందని నాకనిపిస్తుంది.

ఎవరైనా అంకెనే అరువు తెచ్చుకుంటే, అంతకుముందు వాళ్ళకు లెక్క రాదనా? అలాగైతే ‘పన్నెండు’ ఉండగా అరటిపళ్ళు డజను లెక్కన ఎందుకు అడుగుతున్నాం? ఆ మాట మనకిచ్చిన ఇంగ్లీషువాళ్ళూ దాన్ని ఫ్రెంచివాళ్ళ దగ్గర తెచ్చుకున్నారు. బేరం ఎవరితోనో కట్ట పేరు వాళ్ళది.

ఫిన్లాండులోనూ ఇదే కథ, అదీ గుడ్లతోనే. ఇరవై గుడ్లను అక్కడ ‘తియు’ అనేవారు. ఇరవైకి సొంత మాట ఉండనే ఉంది. ఇది మాత్రం పొరుగున ఉన్న స్వీడిష్ నుంచి వచ్చింది. ఇంగ్లీషులో ఇరవైకి వాడే ‘స్కోర్’ కూడా స్కాండినేవియాదే. మొదట్లో దాని అర్థం గాటు, లెక్కకోసం కర్రమీద పెట్టేది.

సవర లెక్కను అచ్చులో చూడాలంటే గిడుగు రామమూర్తి పంతులు పుస్తకాలున్నాయి. శ్రీకాకుళం దగ్గరి పర్వతాలపేటలో 1863లో పుట్టి, పర్లాకిమిడి బడిలో పాఠాలు చెబుతూ ఆయన సవర నేర్చుకున్నారు. 1931లో వ్యాకరణం, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు అచ్చయ్యాయి. నిఘంటువు వచ్చిన ఏడాది ఆయనకు 75 నిండాయి. సవర లెక్కలో మూడు కుడులు, ఒక మిగ్గల్, పైన మూడు.