పెరటి తోటకు ఎండ తోడెడు నీరు

వేసవి దినములలో పెరటిలోని బీరపాదును, వంగమొక్కలను బ్రదికించుకొనుట యెంతటి శ్రమయో మీకు మేము చెప్ప నక్కఱలేదు. 30 చదరపు మీటర్ల చిన్న తోటకు మండువేసవిలో దినమునకు ఇంచుమించు 200 లీటర్ల నీరు కావలెను. పది లీటర్లు పట్టు చేదతో నూతినుండి ఇరువది మారులు తోడవలెనన్నమాట. ఆ పని చాల యిండ్లలో ఆడువారిపైననే, అందును బడికి పోవలసిన బాలికపైననే పడుచుండును. మోటారు గల యిండ్లలో ఈ బాధ లేదు కాని, కరెంటు పోవు వేళయు, మొక్కలు వాడు వేళయు తఱచుగా నొక్కటియే యగుచుండును. కావున ఎండచేతనే నీరు తోడించు చిన్న పంపును ఇంట నమర్చుకొను విధమును ఈ మాసమున వివరింప దలచితిమి.

ఈ యూహ క్రొత్తది కాదు. 1913లో ఫ్రాంకు షూమన్ అను అమెరికా దేశీయుడు ఈజిప్టులో కైరో నగర సమీపమున మాదీ యను చోట పెద్ద అద్దములతో ఎండను కూడదీసి, ఆవిరి పుట్టించి, దానితో పంపును నడిపి పొలములకు నీరు పాఱించెను. అది మన పెరళ్లకు పనికివచ్చునది కాదు. 1954లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలవారు ఎండను నేరుగా విద్యుత్తుగా మార్చు సిలికాను బిళ్లలను ప్రదర్శించిన పిమ్మటనే చిన్న సంసారములకు దారి యేర్పడినది. నాటి బిళ్లలు తమపై పడిన యెండలో నూటికి ఆఱు పాళ్లు మాత్రమే విద్యుత్తుగా మార్చెడివి. నేడు అంగళ్లలో దొరకు మంచి ప్యానెళ్లు ఇరువది పాళ్ల వఱకు మార్చుచున్నవి.

నీరెత్తుటకు మిక్కిలి శక్తి కావలెనని మనము భయపడుదుము. లెక్క చూతము. నూతిలో నీరు 6 మీటర్ల లోతున నున్నది. డ్రమ్ము నేలకు 2 మీటర్ల యెత్తున నున్నది. 200 లీటర్లను ఈ 8 మీటర్లు ఎత్తుటకు పట్టు శక్తి నాలుగున్నర వాట్-గంటలకు మించదు. అనగా 9 వాట్ల ఎల్.ఇ.డి. దీపము అరగంట వెలుగుటకు పట్టునంత! చిన్న పంపులు తాము త్రాగిన శక్తిలో అయిదింట నాలుగు వంతులు వృథా చేయుననుకొన్నను, 25 వాట్-గంటలు చాలును. మన ప్రాంతపు మంచి యెండలో 50 వాట్ల ప్యానెలు దినమునకు 200 వాట్-గంటల వఱకు నిచ్చును. మఱి యింత పెద్ద ప్యానెలు ఏల యందురేని, మబ్బు కమ్మినపుడును, ప్రొద్దుటిపూట యెండ యేటవాలుగా నున్నపుడును పంపు కదలుటకు ఆ మిగులు కావలెను.

మోసపోవు తావు పంపు కొనునప్పుడే. పెట్టెపై రెండంకెలు వ్రాసియుండును: గంటకు 800 లీటర్లని యొకటి, 5 మీటర్ల యెత్తని యింకొకటి. రెండును ఒక్కసారిగా లభించునని నమ్మకుడు. ఎత్తు లేనప్పుడే 800 లీటర్లు. 5 మీటర్ల యెత్తున ఒక్క చుక్కయు రాదు. మీకు 8 మీటర్లు కావలసియున్న 12 మీటర్లకు తక్కువ కాని పంపునే యడుగుడు. అంగడివాడు విసుగుకొన్నను ఫరవాలేదు. నీటి మట్టము దూరముగా నున్న యెడల పంపు నీటిలో మునిగియుండునదే కావలెను. పైనుండి నీటిని పీల్చునది వాయుపీడనముపై నాధారపడును గాన, పెద్ద పంపైనను 6, 7 మీటర్లకు మించి పీల్చజాలదు. చిన్నవి అంతయు పీల్చలేవు. 1643లో ఇటలీలో టొరిచెల్లి పాదరసముతో చేసిన పరీక్ష వలన దీని కారణము లోకమునకు తెలిసినది.

ఇంకొక సంగతి. 12 వోల్టుల దనబడు ప్యానెలు, పంపు తగిలింపక కొలిచినచో 21, 22 వోల్టులు చూపును. అంతటి వోల్టేజిని మీ పంపు భరించునో లేదో ముందుగనే విచారింపవలెను. భరింపలేనిదైన, నడుమ వోల్టేజిని తగ్గించు చిన్న పెట్టె నమర్చవలెను.

ఇక బ్యాటరీ మాట. చాలమంది దీనిని తప్పనిసరి యనుకొందురు. మా యభిప్రాయమున పెరటి తోటకు బ్యాటరీ యక్కఱలేదు. విద్యుత్తును దాచుటకంటె నీటిని దాచుట సులభము, చవుక. బ్యాటరీ కొన్ని యేండ్లకే సన్నగిల్లును. మూతగల ప్లాస్టిక్ డ్రమ్ము దానికంటె చాలకాలము నిలుచును. మధ్యాహ్నము యెండ డ్రమ్మును నింపును. సాయంకాలము మీరు కుళాయి త్రిప్పుదురు. మొక్కలకు నీరు పోయుటకు తగిన వేళయు అదియే.

ప్యానెలును దక్షిణాభిముఖముగా, అడుగు పొడవునకు మూడున్నర అంగుళముల చొప్పున ఉత్తరపు అంచును ఎత్తి నిలుపుడు. మన జిల్లాలలో పెక్కింటికి ఆ వాలు సరిపోవును. కొబ్బరి మట్ట నీడ యొక మూల పడినను ప్యానెలంతయు నీరసించును. లోని బిళ్లలు గొలుసువలె నొకదానికొకటి కలుపబడియుండుటయే దీనికి కారణము. తీగలు కలుపునప్పుడు ప్యానెలుపై మందపు దుప్పటి కప్పవలెను, ఏలయన వెలుతురున్నంతవఱకు దానిని ఆర్పు మీట లేదు. ఇరువది మీటర్ల దూరమునకు రెండున్నర చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ వాడుడు. సన్నని తీగ దారిలోనే శక్తిని తినివేయును. వారమున కొకసారి ప్రొద్దున్నే తడిగుడ్డతో దుమ్ము తుడిచిన చాలును.

నీరు లేక తిరిగిన పంపు కొద్దికాలములోనే చెడిపోవును. వేసవిలో నూతి నీరు తగ్గుట మన మెఱిగినదే. నీరు తగ్గినంతనే పంపు నాపు ఫ్లోటు స్విచ్చిని నూతిలో నమర్చుట మఱువరాదు. డ్రమ్ము నిండినపుడు ఆపుటకు ఇంకొకటి కావలెను. నిండిన డ్రమ్ము 200 కిలోలకు పైగా తూగును. దానిని ఇటుకలపై తాత్కాలికముగా నిలుపుట పసిబిడ్డలున్న యింట ప్రమాదము. ఇనుప స్టాండును, బిగువైన మూతయు వలయును. మూత లేనిచో ఆ నిలువ నీట డెంగ్యూ దోమ గ్రుడ్లు పెట్టును. అవి దోమలగుటకు వారము పదిదినములు చాలును.

డ్రమ్మునుండి తోటకు నీరు దానంతటదియే పాఱుట యుత్తమము. 2 మీటర్ల యెత్తునుండి దిగు నీటి యొత్తిడి స్వల్పము. పెద్ద కమతములలో వాడు డ్రిప్పు బిందుకములు దానితో సరిగా పనిచేయవు. సన్నని గొట్టపు ముక్కలతో నీటిని మొక్క మొదటికి చేర్చు తేలిక కిట్లు దొరకును. వానిని వాడుడు.

200 అడుగుల బోరు గలవారు ఈ చిన్న పంపుతో ప్రయత్నింపరాదు. వారు బోరు నీటిని సంపులో నింపుకొని, అచ్చటినుండి డ్రమ్మునకు ఎండతో తోడించుకొనవచ్చును. 2019లో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన పి.ఎం. కుసుమ్ పథకము రైతుల పొలముల పంపులకు సంబంధించినది, పెరటి తోటలకు కాదు. వానలు పడి తోట తడిసినప్పుడు పంపును పైకి తీసి, జల్లెడకు పట్టిన నాచును కడిగి, నీడపట్టున దాచవలెను.