బాలానందం: బృందగానమూ పల్లె గొంతూ

తెలుగు బాలల పాటకు రాష్ట్రవ్యాప్తమైన ప్రచారం రేడియోతోనే వచ్చింది. 1938లో మద్రాసు కేంద్రం మొదలైంది. 'రేడియో అన్నయ్య' న్యాయపతి రాఘవరావు, 'అక్కయ్య' కామేశ్వరి దంపతులు అక్కడ పిల్లల కార్యక్రమాలు నడిపారు. 1940లో ఆంధ్ర బాలానంద సంఘం, 1945లో 'బాల' మాసపత్రిక వెలిశాయి. 1956లో వారి కృషి హైదరాబాదుకు మారింది.

ఈ విజయానికి ఆ దంపతుల వాత్సల్యమే కారణమనడం సగం మాట. మూడు సాధనాలు ఒకదానికొకటి ఊతమిచ్చాయి. రేడియో పాటను ఊరూరికీ మోసింది. సంఘం పిల్లలను కూడగట్టింది. పత్రిక వారిని పాఠకులను చేసింది. పైగా బృందగానం గనుక సంగీతం నేర్వని పిల్లవాడు సైతం గొంతు కలపగలడు. బాల్యాన్ని ప్రతిభల పోటీగా గాక సామూహికానందంగా చూపడం దాని అభ్యుదయ లక్షణం.

అయితే ఒకటి గమనించవలసి ఉంది. బృందగానం రేడియో కనిపెట్టినది కాదు. మా పెండ్లిమర్రి ప్రాంతపు పల్లెల్లో గొబ్బిపాట, కోలాటం, చెక్కభజన బృందగానాలే. రేడియో ఇచ్చింది గౌరవం. ఆ గౌరవం మైకుకు దగ్గరగా ఉన్న నగరపు పిల్లలకూ, శిష్టుల భాషకూ ముందు దక్కింది. పసులు కాసే పిల్ల శ్రోతగానే మిగిలింది. 1963లో కడప కేంద్రం వచ్చి దూరాన్ని తగ్గించింది గాని, దూరం మైళ్లలోనే లేదు, నుడికారంలోనూ ఉంది.

కనుక బాలగేయం రాసేవారు నేర్చుకోవలసింది బాలానందం బాణీని కాదు, దాని నిర్మాణాన్ని. పాట, సంఘం, పత్రిక మూడూ కలవాలి. ఈసారి పాట మాత్రం సీమ పిల్లల నోటినుంచే మొదలు కావాలి.