నడుముకీ మోకాలికీ మధ్య

చిన్నప్పుడు మా బడిలో శిక్షలు మూడు. పాఠం అప్పజెప్పకపోతే గోడకుర్చీ, ఆలస్యంగా వస్తే గుంజీలు, అబద్ధమాడితే తొడపాశం. మూడూ పడేది ఒక్కచోటే. మాస్టారికి శరీర నిర్మాణ శాస్త్రం ఎంత తెలుసో గానీ, మనిషి ఒంట్లో రికార్డులన్నీ గుట్టగా పోసిన చోటునే ఆయన పట్టుకున్నారు. అన్నిటికన్నా పొడవైన ఎముక, పొడవైన కండరం, పెద్ద కండరం, లావైన నరం, గట్టి లిగమెంటు, అన్నీ నడుముకీ మోకాలికీ మధ్యే ఉన్నాయి. గుండె మీదా మెదడు మీదా రాసినన్ని వ్యాసాలు తొడ మీద ఎవరూ రాయరు. మనకి తొడ గుర్తొచ్చేది దుర్యోధనుడి కథలోనూ, సినిమా హీరో తొడగొట్టినప్పుడూ.

బల్ల ఎత్తు ఎముక

తొడ ఎముక పొడవు మనిషి ఎత్తులో నాలుగో వంతుకి కాస్త ఎక్కువ. అయిదున్నర అడుగుల మనిషికి 45 సెంటీమీటర్లు ఉంటుందనుకోవచ్చు. అందుకే ఎక్కడైనా పాత అస్థిపంజరం బయటపడితే, తొడ ఎముక ఒక్కటి దొరికినా చాలు, ఆ మనిషి ఎంత ఎత్తుండేవాడో నిపుణులు లెక్కగట్టేస్తారు.

ఇప్పటిదాకా కొలిచిన మనిషి ఎముకల్లో పొడవైనది కాన్‌స్టాంటిన్ అనే పేరుతో ప్రదర్శనలిచ్చిన జర్మన్ మహాకాయుడి తొడ ఎముక. ఆయన 1902లో బెల్జియంలోని మోన్స్ పట్టణంలో చనిపోయాడు. ఎముక 75.9 సెంటీమీటర్లు. ఇంట్లో భోజనాల బల్ల పక్కన టేపు పెట్టి చూడండి, దాదాపు అంతే ఉంటుంది. లోకంలోకెల్లా పొడుగరిగా నమోదైన అమెరికా మనిషి రాబర్ట్ వాడ్లో 272 సెంటీమీటర్లు ఉండేవాడు. ఆయన తొడ ఎముక 75 ఉండొచ్చని అంచనా మాత్రమే. ఎముకల పందెంలో పొడుగరే ఓడిపోయాడన్నమాట.

ఎముక పైకొస, తుంటి దగ్గర కోసి చూస్తే స్పాంజిలా ఉంటుంది. ఆ స్పాంజిలో సన్నటి ఎముక పుల్లలు ఎలా పడితే అలా ఉండవు, వంపు గీతల్లో బారులు తీరి ఉంటాయి. 1866 ప్రాంతంలో జ్యూరిక్‌లో హెర్మన్ ఫాన్ మేయర్ అనే వైద్యుడు ఆ గీతల్ని చూపిస్తే, కార్ల్ కుల్మన్ అనే ఇంజనీరు తెల్లబోయాడట. ఆయన అప్పటికే బరువులెత్తే క్రేను మీద ఒత్తిడి ఎటు పాకుతుందో గీసి పెట్టుకున్నాడు. ఆ బొమ్మా ఈ ఎముకా ఒకేలా ఉన్నాయి. భారం ఎటు పడితే ఎముక అటు బలపడుతుందని 1892లో జూలియస్ వోల్ఫ్ సూత్రం రాయడానికి ఈ దారే పనికొచ్చింది.

ఇక్కడో కథ ప్రచారంలో ఉంది, ఈఫిల్ టవర్ తొడ ఎముకని చూసి కట్టారని. ఆ టవర్‌కి మొదటి నమూనా గీసిన మారిస్ కేష్లిన్ కుల్మన్ దగ్గర చదువుకున్న మాట నిజమే. మిగతాది అతికించిన కథ. అతుకు బాగానే కుదిరింది, అంతే.

పెళ్ళిపంక్తి కండరం

ఒంట్లో అన్నిటికన్నా పొడవైన కండరం సార్టోరియస్. బెల్టు ఆనే చోట తుంటి ఎముక ముందు కొన నుంచి బయల్దేరి, తొడ మీదుగా జందెంలా ఏటవాలుగా దిగి, మోకాలి లోపలి పక్కకి చేరుతుంది. లాటిన్‌లో సార్టర్ అంటే దర్జీ. పూర్వం యూరప్ దర్జీలు కాళ్ళు మడిచి నేలమీద కూర్చుని కుట్టేవారు. కాలిని అలా మడిచి పక్కకి తిప్పడానికి సాయపడేది కాబట్టి దీనికి ఆ పేరొచ్చింది. పేరు పెట్టే పని మనవాళ్ళకి అప్పగించి ఉంటే, విస్తరి ముందు బాసింపట్టు వేసుక్కూర్చున్న పెళ్ళిపంక్తి పేరు పెట్టేవాళ్ళు.

గోడకుర్చీకి లెక్క చెప్పేది ఇంకో కండరం, క్వాడ్రిసెప్స్. తొడ ముందువైపు ఉండే ఈ గుంపులో నాలుగు పాయలున్నాయి. మూడు తొడ ఎముక మీదే పుడతాయి. ఒక్కటి మాత్రం తుంటి ఎముక నుంచి దిగి రెండు కీళ్ళు దాటుతుంది. నాలుగూ కలిసి మోకాలిచిప్పని పట్టుకుంటాయి. గోడకుర్చీలో మనిషి కదలడు, కండరం మాత్రం బిగిసే ఉంటుంది. బిగిసిన కండరం తనలోని రక్తనాళాల్ని తనే నొక్కేసుకుంటుంది. అందుకే రెండు నిమిషాలు తిరిగేసరికి తొడలు మండుతూ గజగజా వణుకుతాయి. అది భయంతో వచ్చిన వణుకనుకుని మాస్టారు సంతోషించేవారు.

గుంజీల్లో కిందికి దిగేటప్పుడు పట్టి ఆపేది ఈ క్వాడ్రిసెప్స్. లేచేటప్పుడు దానికి తోడొచ్చేది పిరుదు కండరం గ్లూటియస్ మాక్సిమస్, ఒంట్లోకెల్లా పెద్దది. ఇంత పెద్దదీ చదునైన నేల మీద నెమ్మదిగా నడిస్తే పెద్దగా పని చెయ్యదు. పరుగెత్తాలి, కుర్చీలోంచి లేవాలి, మెట్లెక్కాలి, అప్పుడు కదులుతుంది. అలిపిరి నుంచి తిరుమలకి 3,550 మెట్లు ఎక్కినవాళ్ళకి మోకాళ్ళ పర్వతం దగ్గర దీని ఉనికి ఎవరూ చెప్పక్కర్లేదు.

తుంటి మీద కొడితే

తుంటి మీద కొడితే మూతిపళ్ళు రాలాయని సామెత. పళ్ళు రాలవు గానీ, సామెత మరీ గాలిలోంచి పుట్టింది కాదు. ఒంట్లో అన్నిటికన్నా లావైన, పొడవైన నరం సయాటిక్ ఆ పిరుదు కిందుగానే పోతుంది. మొదట్లో దాదాపు వేలెడు మందం ఉంటుంది. దాన్ని పైన నొక్కితే తిమ్మిరి పాదాల్లో తెలుస్తుంది. పిరుదుకి సూదిమందు ఇచ్చే నర్సు పై మూలని, బయటి పక్కన పొడిచేది ఈ నరాన్ని తప్పించడానికే. తుంటి కీలు అరిగినవాళ్ళలో కొందరికి నొప్పి మోకాలిలో తెలుస్తుంది. రెంటికీ నరాలు ఉమ్మడి కాబట్టి, మోకాలికి ఎన్ని ఎక్స్‌రేలు తీసినా దొంగ దొరకడు.

తొడ బయటి పక్క చర్మానికి వేరే సన్నటి నరం ఉంది. బిగుతు బెల్టు దాన్ని నొక్కితే అక్కడ మంట, మొద్దుబారడం. మనస్తత్వ శాస్త్రవేత్త ఫ్రాయిడ్‌కి ఈ జబ్బు ఉండేది. తన తొడనే పరీక్షించుకుని 1895లో దాని మీద వ్యాసం రాశాడు. ఇక తొడపాశం పడేది లోపలి పక్క, చర్మం పలుచగా ఉండే చోట. దాని మీద ఫ్రాయిడ్ ఏమీ రాయలేదు, మా బడిలో చదవలేదు కాబట్టి.

ఒంటికాలి మీద

తుంటి కీలు గిన్నెలో బంతిలాంటిది. ఆ గిన్నెకి లాటిన్ పేరు అసిటాబులం, అంటే వెనిగర్ పోసుకునే గిన్నె. బంతి జారిపోకుండా ముందువైపు కట్టిపడేసే ఇలియోఫిమరల్ లిగమెంటు ఒంట్లో అన్నిటికన్నా గట్టిది. తిరగేసిన ఇంగ్లిషు వై అక్షరంలా ఉంటుంది. నిలబడ్డప్పుడు మనం దాని మీదికి కాస్త వాలతాం కాబట్టే కండరాలకి విశ్రాంతి.

అంత గట్టిగా ఎందుకుండాలో బెర్లిన్‌లో తెలిసింది. అక్కడి పరిశోధకులు కృత్రిమ తుంటి లోపల కొలిచే పరికరాలు అమర్చి చూశారు. మామూలుగా నడుస్తుంటేనే కీలు మీద ఒంటి బరువుకి రెండున్నర రెట్లు పడుతోంది. కాలు తట్టుకుని తూలినప్పుడు ఎనిమిది రెట్ల దాకా పోయింది. కారణం తక్కెడే. ఒంటికాలి మీద నిలబడ్డప్పుడు ఒళ్ళు అవతలి పక్కకి వాలకుండా ఇవతలి తుంటి కండరం లాగి పట్టాలి. ఆ లాగుడు బరువు కూడా కీలు మీదే పడుతుంది. అందుకే కుడి తుంటి నొప్పిగా ఉన్నవాళ్ళు చేతికర్ర ఎడమ చేత్తో పట్టుకోవాలి. మన ఊళ్ళలో పెద్దవాళ్ళు చాలామంది నొప్పి ఉన్న వైపే పట్టుకుంటారు. ఈ వ్యాసంలో ఒక్క ముక్కే గుర్తుంచుకుంటానంటే ఇది గుర్తుంచుకోండి.

అరిగిన తుంటిని మార్చే ఆపరేషన్‌కి నేటి రూపమిచ్చింది ఇంగ్లండ్ డాక్టర్ జాన్ చార్న్‌లీ. మొదట గిన్నెలకి టెఫ్లాన్ వాడాడు. కొన్నేళ్ళకే అవి అరిగి, ఆ పొడి చుట్టూ కండ చెడింది. అప్పుడాయన టెఫ్లాన్ ముక్కల్ని తన తొడలోనే పెట్టించుకుని ఒళ్ళు ఎలా ఎదురు తిరుగుతుందో చూసుకున్నాడు. తర్వాత 1962 నవంబరులో గట్టి పాలిథిలిన్ గిన్నె పెట్టాడు, అది నిలిచింది.

మనిషిని మించిన తొడలు

1677లో ఆక్స్‌ఫర్డ్ పండితుడు రాబర్ట్ ప్లాట్ ఓ పెద్ద ఎముక తునకని బొమ్మ గీయించి, ఎవరో రాక్షసుడి తొడ కాబోలు అనుకున్నాడు. 1763లో రిచర్డ్ బ్రూక్స్ అదే బొమ్మ కింద మనిషి వృషణాల సంచి అన్న అర్థం వచ్చే లాటిన్ మాట అచ్చేశాడు. అది డైనోసార్ తొడ ఎముక కింది కొస. ఎముక పోయింది, బొమ్మ మిగిలింది, పేరు నవ్వులపాలైంది.

అర్జెంటీనాలో దొరికిన పటగోటైటన్ అనే డైనోసార్ తొడ ఎముక 2.38 మీటర్లు. మన గోదావరి లోయ కూడా తక్కువ తినలేదు. ప్రాణహిత అవతల సిరోంచ ప్రాంతంలో దొరికిన డైనోసార్ తొడ ఎముక దాదాపు 1.7 మీటర్లు, నిలబెడితే మనిషంత. బెంగాలీలో బర పా అంటే పెద్ద కాలు. అందుకే దానికి బరపాసారస్ అని పేరు పెట్టి, తవ్విన 1961 ఠాగూర్ శతజయంతి ఏడాది కాబట్టి టగోరీ అని కలిపారు. ఇవతలి ఒడ్డున, ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లిలో దొరికినదానికి 1988లో శాస్త్రవేత్త పి. యాదగిరి కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని ఊరి పేరే పెట్టారు. ఆ అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబడి ఉంది. పిల్లల్ని తీసుకెళ్తే తల దగ్గర ఫొటోలు దిగకండి. ఆ జీవి పుర్రె దొరకలేదు, రెండు పళ్ళు మినహా తల ఎలా ఉండేదో ఊహే. తొడ దగ్గర దిగండి.