పరదేశమున ద్రాజెన్ పెట్రోవిచ్

క్రొయేషియా సముద్రతీరమందలి షిబెనిక్ పట్టణమున 1964లో ద్రాజెన్ పెట్రోవిచ్ జన్మించెను. బాల్యమున ప్రతిదినము వేకువనే లేచి, బడికి పోవుటకు ముందే వందల పర్యాయములు బంతిని బుట్టలో వేయుట అభ్యసించెను. యూరపున మేటి బాస్కెట్‌బాల్ క్రీడాకారుడని పేరొంది, 1989లో అమెరికా చేరెను.

అచట పోర్ట్‌లాండ్ జట్టులో ఆతనికి ఆడు అవకాశము స్వల్పముగనే లభించెను. స్వదేశమున అగ్రగణ్యుడు పరదేశమున బెంచీపై కూర్చుండవలసి వచ్చెను. మనసు నొచ్చినను సాధన మానలేదు. 1991 జనవరిలో న్యూజెర్సీ జట్టుకు మారెను. 1992-93లో ఆటకు సగటున 22 పాయింట్లకు పైగా సాధించెను. 1992 బార్సిలోనా ఒలింపిక్ తుదిపోటీలో క్రొయేషియా అమెరికాకు ఓడి రజతము పొందినను, అందు పెట్రోవిచ్ ఒక్కడే 24 పాయింట్లు చేసెను.

1993 జూన్ 7న జర్మనీలో మోటారు ప్రమాదమున, 28 ఏండ్ల ప్రాయముననే మరణించెను. ఆతడు ధరించిన 3వ సంఖ్యను న్యూజెర్సీ జట్టు పిదప మరెవ్వరికిని ఈయలేదు. చోటు దొరకక వేచినవాని చోటు శాశ్వతముగ నిలిచెను.